చలికాలం పక్షులు: జిల్లా జాబితాల్లో ఖాళీలు ఎందుకు మిగులుతున్నాయి?

సంపాదకుల వారికి,

నమస్కారం. చలి మొదలవగానే మీ జిల్లా పేజీల్లో వలస పక్షుల ఫొటోలు వస్తాయి. కొల్లేరులో గూడబాతులు, పులికాట్‌లో ఫ్లెమింగోలు, ఉప్పలపాడు చెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు. ఫొటోలు బాగుంటాయి. చిక్కల్లా వాటి కింద వేసే వ్యాఖ్యతోనే. గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ 'సైబీరియా అతిథులు' అయిపోతాయి. నిజానికి అవి మన ఉపఖండంలోనే పుట్టి పెరిగే పక్షులు. మన ఊళ్ల చెట్ల మీదికి వచ్చేది గూళ్లు కట్టుకోవడానికి. సైబీరియా కొంగ అన్న పేరున్న అసలు పక్షి మన దేశంలో చివరిసారి కనిపించింది 2002లో, అదీ రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో.

హిమాలయాలు దాటి నిజంగా ఉత్తరం నుంచి వచ్చేవాటిలో సగానికి పైగా అంత కంటికింపుగా ఉండవు. కోసిన వరి మళ్లలో, శనగ చేల గట్ల మీద, చెరువు జమ్ములో, గుట్టల బండల మీద తిరుగుతుంటాయి. అక్కడికి బైనాక్యులర్ పట్టుకుని వెళ్లేవాళ్లు తక్కువ. జిల్లాలో ఇప్పటిదాకా కనబడ్డ పక్షుల జాబితా తీసి చూస్తే చలికాలం వరుసల్లోనే ఖాళీలు ఎక్కువగా కనబడతాయి. పక్షి రాక ఖాళీ పడినవి వాటిలో కొన్నే. మిగతావి సరైన చోట, సరైన గంటలో మనిషి లేక పడ్డవి. వాటిని ఎలా పూరించవచ్చో ఈ ఉత్తరంలో రాస్తున్నాం. ఇప్పటికే పక్షులు చూసే అలవాటున్న మీ పాఠకులకు పనికొస్తుందని ఆశ.

ఖాళీల్లో కొన్ని కాగితం మీద పుట్టినవే. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆ రోజుతో నేలపట్టు పక్షుల అభయారణ్యం, పులికాట్‌లో మన వైపు భాగం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు వెళ్లాయి. రోళ్లపాడు గడ్డిమైదానం కర్నూలు నుంచి నంద్యాలకు వెళ్లింది. పక్షులకు ఈ గీతలతో పనిలేదు గానీ జాబితాలకు ఉంది. కాబట్టి మొదటి పని చెరువు గట్టు మీద కాదు, ఇంట్లో కూర్చుని చేయాల్సింది. పాత రికార్డులను ఊరి పేరును బట్టి కొత్త జిల్లాలకు పంచాలి. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యంలో చేసిన సర్వేలో విడిది చేసిన ఊళ్ల పేర్లున్నాయి. ఆ రికార్డులను ఇప్పటి జిల్లాలకు సులువుగా చేర్చుకోవచ్చు. మరో పక్షి శాస్త్రవేత్త హుమాయూన్ అబ్దుల్ అలీ 1945లో రాసిన విశాఖపట్నం జిల్లా పక్షుల పట్టికతో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. అప్పటి ఆ జిల్లాలో నేటి శ్రీకాకుళం, విజయనగరం, అల్లూరి సీతారామరాజు జిల్లాల ప్రాంతాలు కూడా ఉండేవి. ఊరి పేరు లేకుండా జిల్లా పేరుతో మాత్రమే మిగిలిన రికార్డును నేటి ఏ జిల్లా ఖాతాలోనూ వేయకూడదు. అది చరిత్రగానే ఉండనివ్వాలి.

తర్వాత ఖాళీల పట్టిక. పక్షులు చూసేవాళ్లు తమ లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో మీ జిల్లా బార్ చార్టు, చుట్టూ ఉన్న నాలుగైదు జిల్లాల బార్ చార్టులు పక్కపక్కన పెట్టుకోండి. ఆ చార్టులో ప్రతి నెలా నాలుగు భాగాలుగా ఉంటుంది కాబట్టి ఏ పక్షి ఏ వారంలో దొరుకుతుందో తెలిసిపోతుంది. పొరుగున మూడు జిల్లాల్లో ఏటా కనిపిస్తూ మీ దగ్గర లేని పక్షిని ముందు రాసుకోండి. పదేళ్లకోసారి దారితప్పి వచ్చే పక్షి కోసం పట్టికలో చోటు దండగ. అది దొరికితే దొరుకుతుంది, ప్రణాళిక వేస్తే దొరకదు. ప్రతి పేరు పక్కన మూడు మాటలుండాలి: ఏ నేల, ఏ వారం, ఎలా బయటపడుతుంది. మూడోదాన్ని అందరూ వదిలేస్తారు, అసలు పనికొచ్చేది అదే. కొన్ని పక్షులు కూతతో దొరుకుతాయి, కొన్ని కాళ్ల కింద నుంచి లేస్తే దొరుకుతాయి, కొన్ని చీకటి పడే పది నిమిషాల్లో మాత్రమే. పద్ధతి తప్పయితే సరైన చెరువు దగ్గర సరైన నెలలో నిలబడినా ఏమీ కనబడదు.

బాతుల దగ్గర మొదలుపెడదాం. సులువైన ఖాళీలూ, తరచుగా దొర్లే తప్పులూ ఇక్కడే ఎక్కువ. అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చే మగబాతులు ఇంకా పాత ఈకల్లోనే ఉండి ఆడవాటిలా కనబడతాయి. గోధుమరంగు బాతుల గుంపు చూసి ఏదో ఒక పేరు రాసేయడం ఆ రెండు నెలల్లోనే జరుగుతుంది. డిసెంబరు చివరికి మగవి రంగు తేలతాయి, అప్పుడు చూస్తే సగం సందేహాలు వాటంతటవే తీరతాయి. ఇక నీటి లోతు. సూదితోక బాతు, చెంచామూతి బాతు, గాడ్వాల్, విజన్ తల ముంచి మేసే మేత బాతులు. వాటికి అర మీటరు లోపు నీళ్లు కావాలి. పోచర్డ్, టఫ్టెడ్ బాతు మునిగి మేస్తాయి, అవి లోతు నీళ్ల మీద ఉంటాయి. చెరువులన్నీ అలుగు పారిన ఏడాది మేత బాతులు మారుమూల కుంటల్లోకి, చెరువు శిఖంలోకి చెదిరిపోతాయి. అందుకే జనవరి రెండు, మూడు వారాల్లో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో వానలు బాగా పడిన ఏడాది లెక్క తగ్గితే పక్షులు తగ్గాయని రాయడం తొందరపాటు. ఫిబ్రవరి రెండో సగంలో చిన్న చెరువులు ఎండి, బాతులన్నీ పెద్ద రిజర్వాయర్లలోకి చేరతాయి. అరుదైన బాతు కోసం ఒక్కసారే వెళ్లగలిగితే వెళ్లాల్సింది అప్పుడు.

వెలుతురు వీపు వెనకనుంచి పడాలి. అంటే పొద్దున తూర్పు కట్ట మీద, సాయంత్రం పడమటి కట్ట మీద. చాలామంది బండి ఆగిన చోటే నిలబడి, ఎదురెండలో నల్లటి ఆకారాలు చూసి వస్తారు. టెలిస్కోప్ 20-60 రెట్లదైనా తొమ్మిది దాటాక నీటి మీద ఆవిరి ఆడుతుంది. అప్పుడు 40కి మించి పెంచితే ఇంకా మసకబారుతుందే తప్ప వివరం రాదు. బొల్లికోళ్ల గుంపును ఎడమ చివర నుంచి కుడి చివరకు మెల్లగా చూసి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ మొదటి నుంచి చూడండి. మునిగే బాతులు మొదటిసారి నీళ్ల కిందే ఉండి తప్పించుకుంటాయి. ఆ గుంపుల్లోనే టఫ్టెడ్, ఫెర్రుజినస్ బాతులుంటాయి. రెండింటినీ కలగలపడం మామూలే. ఆడ టఫ్టెడ్‌కు కూడా ఒక్కోసారి తోక కింద తెల్లగా ఉంటుంది. తెలుపు కనబడగానే ఫెర్రుజినస్ అని రాసేస్తారు. కన్ను చూడండి: టఫ్టెడ్‌కు పసుపు, మగ ఫెర్రుజినస్‌కు తెలుపు, ఆడదానికి ముదురు గోధుమ. తల చూడండి: ఫెర్రుజినస్ నడినెత్తి ఎత్తుగా ఉంటుంది, వెనక పిలక ఉండదు, తోక కింది తెలుపు గీత గీసినట్టు తెగి ఉంటుంది. ఈ మూడూ కుదిరితేనే పేరు. గాడ్వాల్ అయితే రెక్క మీది తెల్ల గడి ఒక్కటి చాలు. విజన్ అయితే ఈల వేసే కూతే ముందు చెబుతుంది.

పట్టెతల బాతులు పొద్దు పొడవక ముందే చేలల్లో మేసి, ఎండెక్కాక నీటి ఒడ్డున కునుకు తీస్తాయి. ఆ నిద్రపోయే గుంపును తొందరపడకుండా ఒక్కొక్కటిగా చూస్తే, ముక్కూ కాళ్లూ గులాబీగా ఉన్న గ్రేలాగ్ ఒకటి కలిసి ఉందో లేదో తెలుస్తుంది. పట్టెతల బాతుకు అవి పసుపు, నారింజ రంగుల మధ్య ఉంటాయి.

జమ్ము, తుంగ ఉన్న ఒడ్డున ఓపికే పనిముట్టు. జమ్ము వరస ముగిసి బురద మొదలయ్యే గీత కనబడేలా, సూర్యోదయానికి అరగంట ముందే వెళ్లి కదలకుండా నిలబడాలి. బెయిలన్స్ క్రేక్, స్పాటెడ్ క్రేక్ లాంటి, జమ్ములో దాగే పక్షులు ఆ గీత దాటి రెండడుగులు బయటికి వచ్చి మేసి, వెలుగు పెరగ్గానే లోపలికి వెళ్లిపోతాయి. బెయిలన్స్ క్రేక్ పిచ్చుక కన్నా పెద్దగా ఉండదు కాబట్టి, ఎలుక పరిగెత్తిందనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ. గుర్రపుడెక్క మూసేసిన చెరువులో ఈ గీతే ఉండదు, అక్కడ కాలయాపన వద్దు.

పొలాల్లో ఉల్లంకి పిట్టల (స్నైప్‌ల) సంగతి వేరే రాయాలి, ఎందుకంటే జిల్లా జాబితాల్లో మూడు నాలుగు ఖాళీలు ఈ ఒక్క కుటుంబంలోనే ఉంటాయి. కోసిన తడి మడి, కాల్వ పక్క ఊట నేల వీటికి ఇష్టం. కామన్ స్నైప్ 'స్కేప్' అని గట్టిగా అరుస్తూ వంకరటింకరగా లేస్తుంది, రెక్క వెనక అంచున తెల్ల గీత స్పష్టంగా ఉంటుంది. పిన్‌టెయిల్ స్నైప్‌కు ఆ తెల్ల గీత ఉండదు, రెక్క కింద అంతా ముదురు చారలే, కాలివేళ్లు తోకను దాటి బయటికి కనబడతాయి, వంకర్లు తక్కువ. జాక్ స్నైప్ మరీ మొండిది. అడుగు దూరంలోకి వెళ్లేదాకా లేవదు, లేచినా అరవదు, కాస్త దూరంలోనే దిగిపోతుంది. నేల మీద దొరికితే ఒక్క నిమిషం చూడండి: ఒళ్లంతా స్ప్రింగు మీద పెట్టినట్టు కిందికీ పైకీ ఆడుతుంటుంది. ముక్కు పొట్టి, వీపు మీద రెండు బంగారు చారలు, నడినెత్తిన లేత గీత ఉండదు. ఎగిరేటప్పుడు ఫొటో తీయాలనుకుంటే షట్టర్ వేగం 1/2000 సెకను దగ్గర పెట్టి వరుసగా నొక్కండి. రెక్క అంచు ఒక్క ఫ్రేములోనైనా పడుతుంది. ఇంకో మాట. పిన్‌టెయిల్‌నూ స్విన్‌హోస్ స్నైప్‌నూ తోక చివరి ఈకలు విప్పారి కనబడితే తప్ప వేరు చేయడం కుదరదు. అలా కనబడనప్పుడు రెండు పేర్లూ కలిపి రాయడమే పద్ధతి. కలిపి రాస్తే ఖాళీ నిండదు కదా అంటారు. నిండదు. అది అలాగే ఉండాలి.

జొన్న చేలు, శనగ చేలు, నల్లరేగడి బీళ్లు బంటింగ్, లార్క్, పిపిట్ అనే చిన్న పిట్టలకు నెలవులు. నల్లతల బంటింగ్‌లు గింజ గట్టిపడిన జొన్న కంకుల మీద గుంపుగా వాలతాయి. సాయంత్రం పక్కనున్న సర్కారు తుమ్మ కంచెల మీదికి చేరతాయి. చూడ్డానికి ఆ గంటే మేలు. మగవాటి మధ్య ఎర్రతల బంటింగ్ ఉంటే తేలిగ్గా కనబడుతుంది, ఆడవాటిని మాత్రం విడదీయబోకండి. దున్ని వదిలేసిన చేలో ఒక్కసారిగా లేచి ఒక్కసారిగా వాలే మట్టిరంగు గుంపు షార్ట్ టోడ్ లార్క్‌లది కావచ్చు. వాటిలో రెండు జాతుల్ని ముక్కు మందం చూసి విడదీయాలి, అందుకు పక్క నుంచి తీసిన దగ్గరి ఫొటో లేకుండా కుదరదు. పిపిట్‌లలో టానీ పిపిట్‌కు కన్నుకూ ముక్కుకూ మధ్య నల్లని గీత ఉంటుంది, రొమ్ము మీద చారలు దాదాపు ఉండవు. రిచర్డ్స్ పిపిట్ వాలే ముందు గాలిలో క్షణం ఆగి రెక్కలాడిస్తుంది, గొంతు బొంగురు, 'ష్రీప్' అంటుంది. బ్లిత్స్ పిపిట్ చిన్నగా 'చుప్, చుప్' అనే మాట కలుపుతుంది. పొలంలో అటూ ఇటూ నడిచి పిపిట్‌లను లేపడం కన్నా, గట్టు మీద కూర్చుని లేచిన ప్రతిదాని కూతా ఫోనులో రికార్డు చేయడం వల్ల ఎక్కువ దొరుకుతాయి.

ఈ చేల మీదే హారియర్ గద్దలు తిరుగుతాయి. పగలు ఒక్కొక్కటి మైళ్ల మేర వెతుకుతుంటుంది కాబట్టి కనబడటం అదృష్టం మీద ఆధారపడుతుంది. సాయంత్రం అలా కాదు. గడ్డి ఎత్తుగా ఉన్న బీడులో రాత్రి పడుకోవడానికి అన్నీ ఒక్కచోటికి చేరతాయి. రోళ్లపాడు ఇలాంటి గుంపులకు పేరుపొందినది. మిగతా జిల్లాల్లోనూ పచ్చిక మిగిలిన చోట చిన్న గుంపులైనా ఉండే వీలుంది. సూర్యాస్తమయానికి గంట ముందు, గడ్డికి రెండు మూడు వందల మీటర్ల దూరంలో, బండి ఇంజను ఆపి కూర్చోండి. లోపలికి నడవొద్దు, బండి పోనివ్వొద్దు. ఒక్కసారి బెదిరితే చీకట్లో ఇంకోచోటు వెతుక్కోవాల్సి వస్తుంది, మరుసటి రోజు ఆ బీడుకు రాకపోవచ్చు. పాలిడ్, మాంటేగ్యూస్ హారియర్లలో ఎదిగిన మగవాటిని గుర్తుపట్టడం తేలిక. మాంటేగ్యూస్ మగదానికి రెక్క మీద నల్ల పట్టీ ఉంటుంది, పాలిడ్‌కు రెక్క కొసన నల్లని త్రికోణం మాత్రమే. పిల్లవాటిలో పాలిడ్‌కు మెడ చుట్టూ లేతరంగు పట్టీ, దాని వెనక ముదురు మెడ స్పష్టంగా తెలుస్తాయి. అంత దగ్గరగా కనబడకపోతే రెండు పేర్లూ కలిపి రాయండి. గద్దలన్నీ దిగాక లేచి వెళ్లిపోకండి. అదే గడ్డిలోంచి ఆ చివరి వెలుగులో పొట్టిచెవుల గుడ్లగూబ లేస్తుంది. పొడుగు రెక్కలు మెల్లగా ఆడిస్తూ నేలకు తక్కువ ఎత్తులో తిరుగుతుంది. చాలా జిల్లాల్లో ఈ పేరు ఖాళీగా ఉండటానికి కారణం అందరూ పది నిమిషాల ముందే ఇంటిదారి పట్టడం.

నవంబరులో అమూర్ డేగలు నాగాలాండ్ వైపు నుంచి మన మీదుగా అరేబియా సముద్రం దాటి ఆఫ్రికాకు పోతాయి. ఎక్కువగా ఎత్తులో వెళ్లిపోతాయి. మబ్బు పట్టి, వాన పడి, ఉసిళ్లు లేచిన సాయంత్రం కరెంటు తీగల మీద చూడాలి. కాళ్లు ఎర్రగా, మగదానికి రెక్క కింద ముందు భాగం తెల్లగా ఉంటుంది. ఈ కిటికీ కొద్ది రోజులే తెరిచి ఉంటుంది. డిసెంబరు సగం దాటాక వెతకడం వృథా.

గుట్టల విషయంలో మన తెలుగు నేల అదృష్టవంతమైనది, వాడుకునేవాళ్లు లేరు. కోట బురుజులు, గండశిలలు, క్వారీ అంచులు: పొద్దు పొడిచిన మొదటి గంటలో ఎత్తైన బండ కొసన నిటారుగా నిలబడే ముదురు పక్షి బ్లూ రాక్ థ్రష్ కావచ్చు. దూరాన్నించి నల్లగా కనబడటంతో నల్లంచి అనుకుంటారు. నల్లంచి తోక ఎత్తి ఆడిస్తుంది, కింద ఎర్రగా ఉంటుంది. బ్లూ రాక్ థ్రష్ ముక్కు పొడవు, చలికాలపు మగదాని ఒంటి మీద లేత పొలుసుల గీతలుంటాయి. అదే బండల మీద ఎలుకలా పాకుతూ పగుళ్లలో వెతుక్కునే చిన్న వార్బ్లర్ ఉంటుంది. కనుబొమ గీత పసుపూ నారింజా కలిసినట్టు మెరిస్తే సల్ఫర్ బెల్లీడ్ వార్బ్లర్. మిగతా ఆకు వార్బ్లర్లు ఇలా రాతి మీద తిరగవు కాబట్టి ప్రవర్తనే సగం గుర్తింపు.

అడవిలో చెట్టు చెట్టూ వెతకడం కన్నా పలు జాతులు కలిసి తిరిగే కలగలుపు గుంపు కోసం ఆగడం మేలు. గ్రే హెడెడ్ కానరీ ఫ్లైక్యాచర్ కూత వినబడితే అక్కడే అరగంట నిలవండి. దాని వెంట వార్బ్లర్లు, ఫ్లైక్యాచర్లు వరుసగా వస్తాయి. ఆకు వార్బ్లర్లను రంగు చూసి చెప్పడం కొమ్మల ఆకుపచ్చ వెలుగులో మోసమే. గ్రీనిష్ 'చిస్వీ' అని ఒక్క ఊపులో అంటుంది, లార్జ్ బిల్డ్ లీఫ్ వార్బ్లర్ రెండు ముక్కలుగా, రెండోది పైకెత్తి 'పిట్-టీ' అంటుంది. తూర్పు కనుమల్లో గ్రీనిష్ వార్బ్లర్ మీద ట్రెవర్ ప్రైస్ 1981లో ప్రచురించిన పరిశోధన చూస్తే, ఆ పక్షి చలికాలమంతా తన జాగాను కాపాడుకుంటూ అక్కడే ఉంటుందని తెలుస్తుంది. అంటే ఈ వారం సందేహం మిగిల్చిన వార్బ్లర్‌ను వచ్చే వారం అదే చెట్టు దగ్గర మళ్లీ వినవచ్చు. వెంటనే తేల్చేయాలన్న తొందర అక్కర్లేదు.

టైగా, రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్లను విడదీసే తగాదా ఇంకా తీరలేదు. చలికాలంలో చాలావాటికి గొంతు ఎరుపు ఉండదు కాబట్టి గొంతును నమ్ముకోవద్దు. తోక మొదట్లో, నడుముకు ఆనే ఈకలు చూడండి. టైగాలో అవి తోకకన్నా నల్లగా, సిరాలా ఉంటాయి, రెడ్ బ్రెస్టెడ్‌లో తోకకన్నా కాస్త లేతగా ఉంటాయి. టైగా కింది ముక్కు మొత్తం నల్లన, రెడ్ బ్రెస్టెడ్ కింది ముక్కు మొదట్లో లేత రంగు. ఈ పక్షి తోక పదేపదే పైకెత్తుతుంది, వెనక నుంచి ఫొటో తీసే అవకాశం మీకది ఇస్తూనే ఉంటుంది. అందరూ ముందునుంచి తీస్తారు.

తీరప్రాంతంలో గడియారం కన్నా పోటు ముఖ్యం. ఆటు సమయంలో పక్షులు కిలోమీటర్ల బురదలో చుక్కల్లా చెదిరి ఉంటాయి. నిండు పోటుకు రెండు గంటల ముందు వెళ్లి నిలబడితే, నీరు పైకొస్తున్న కొద్దీ అవే మీ వైపు జరుగుతూ ఇసుక దిబ్బ మీద కుదురుకుంటాయి. కాకినాడ తీరంలో కుంభాభిషేకం అనే చోటు వైపు ఇండియన్ స్కిమ్మర్లు చలికాలంలో ఇలా కూర్చునేవే. ఉప్పు మడుల్లో స్టింట్ అనే చిన్న ఒడ్డు పక్షుల మధ్య ముక్కు చివర ఒంగి, కంటిపై గీత రెండుగా చీలి ఉన్నది బ్రాడ్ బిల్డ్ శాండ్‌పైపర్. డన్లిన్ అని రాసేవాటిలో చాలావరకు కర్లూ శాండ్‌పైపర్లే అవుతాయి. ఎగిరినప్పుడు నడుము మొత్తం తెల్లగా ఉంటే కర్లూ శాండ్‌పైపర్, మధ్యలో నల్ల గీత ఉంటేనే డన్లిన్. దక్షిణాదిన డన్లిన్ అరుదు కనుక ఎగిరే ఫొటో లేకుండా ఆ పేరు ఒప్పుకోకపోవడం న్యాయమే.

చూసింది రాయడంలోనూ కొంత నియమం ఉండాలి. ఎన్ని నిమిషాలు చూశారో, ఎంత దూరం నడిచారో, చూసిన అన్ని జాతులూ రాశారో లేదో నమోదు చేయండి. అలా చేస్తేనే పక్షి కనబడని రోజు కూడా సమాచారమవుతుంది. సంఖ్య చోట గుర్తు పెట్టి వదలకుండా అంచనా అయినా అంకె వేయండి. ఈబర్డ్ మీ నమోదును అరుదైనదని ఆపితే చిన్నబుచ్చుకోవద్దు. సమీక్షించేవారు అడిగేది మీ నిజాయితీ గురించి కాదు, ఆ పక్షి వివరం గురించి. 'స్పష్టంగా చూశాను' అన్న మాటకు విలువ లేదు. 'తోక కింద తెలుపు, పసుపు కన్ను, పిలక, 60 మీటర్ల దూరం, ఎండ వెనక నుంచి' అంటే విలువ ఉంది. చుట్టూ ఏ పక్షులతో పోల్చి చూశారో కూడా రాయండి. పుస్తకం తెరవకముందే ఈ వివరాలు రాసుకోవాలి, తెరిచాక కన్ను పుస్తకంలోని గుర్తులనే చూసినట్టు చెబుతుంది.

ఫోను నుంచి కూత వినిపించి పక్షిని రప్పించే అలవాటు చలికాలంలో పెరుగుతోంది. జమ్ములో క్రేక్‌కూ గడ్డిలో గుడ్లగూబకూ ఇది చేయొద్దు. వల వేసేవాడి దగ్గరా అదే ఫోను ఉంది. మేత బాతులనూ ఉల్లంకి పిట్టలనూ వల వేసి పట్టి అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే. అలాంటిది కనబడితే జాబితా పక్కన పెట్టి అటవీ శాఖకు కబురు చేయాలి.

మీ పత్రికకు ఇందులో చిన్న పాత్ర ఉంది. జిల్లా పేజీలో వలస పక్షుల వార్త వేసేటప్పుడు పక్షి పేరు, తేదీ, మండలం ఈ మూడూ సరిగ్గా ఉంటే చాలు. పదేళ్ల తర్వాత ఎవరైనా ఆ పేజీ తీసి రికార్డుగా వాడుకోగలరు. పేరు తేలకపోతే 'బాతుల గుంపు' అని వేయండి, సైబీరియా జోలికి పోవద్దు. హారియర్లు, గుడ్లగూబలు రాత్రి పడుకునే చోటు మాత్రం మండలం దాటి చెప్పకండి. ఫొటోగ్రాఫరు పంపిన చిత్రంలో కరెంటు స్తంభం నంబరో, బోర్డు మీది ఊరి పేరో ఉంటే కత్తిరించి వేయమని మనవి.

ఇట్లు,
చలికాలం పక్షుల లెక్కల్లో పాల్గొనే మీ పాఠకులు